వినేవారు లేని పాట

తన కాలంవారు తనను ఆదరించకపోయినా, తన కృతిలోని మర్మం గ్రహించగలవాడు ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట పుట్టకపోడని భవభూతి మహాకవి ధైర్యం చెప్పుకొన్నాడు. కావ్యం విషయంలో ఈ ధైర్యానికి కొంత ఆధారం ఉన్నది. కావ్యం తాటాకుల మీద నిలుస్తుంది. అటకమీద పడి ఉన్నా, చెదలు తినకుండా మిగిలితే, మూడు తరాల తర్వాత దుమ్ము దులిపి చదివేవాడొకడు దొరకవచ్చు. పాట సంగతి అట్లా కాదు. అది గాలిలో పుట్టి గాలిలో కలిసిపోయేది. పాడేవాడూ వినేవాడూ ఎదురెదురుగా ఉన్నంతసేపే దానికి ప్రాణం. అట్టి పాటకు తన కాలంలో వినేవారే కరవైతే, దాని గతి ఏమి? అది చచ్చిపోతుందని లోకం అనుకొంటుంది. కాని కొన్ని పాటలు చావవు. ఎందుకు చావవో విచారించటమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

ఈ విచారణకు నేను తీసుకొంటున్న ఉదాహరణ శాస్త్రీయ సంగీతం నుండి వచ్చినది కాదు. జానపద సంగీతం నుండి వచ్చినదీ కాదు. అమెరికాలో 1950ల నాటికి రూపు దిద్దుకొని, విద్యుత్ గిటార్లతో, డ్రమ్ముల మోతతో భూగోళమంతా చుట్టివచ్చిన రాక్ సంగీతానికి చెందినది. ఆ సంగీతంలో కోట్లకొలది రికార్డులు అమ్ముకొన్న బృందాలు ఉన్నవి. వాటిని గురించి చెప్పేవారు చాలామంది. వాటి పక్కనే, ఎవరికీ పట్టకుండా నాలుగేళ్ళు పాడి చెల్లాచెదరైపోయి, తర్వాత ఏ కొద్దిమంది హృదయాలలోనో నిలిచిపోయిన బృందాలు కూడా ఉన్నవి. ఇట్టి బృందాలను ఇంగ్లీషువారు కల్ట్ బృందాలంటారు. మన మాటలలో చెప్పుకోవాలంటే, అవి ఊరంతా జాతర చేసే గ్రామదేవతలు కావు. నాలుగు ఇళ్ళవారు గుట్టుగా కొలుచుకొనే ఇలవేల్పులు. ఇలవేల్పుకు గుడి ఉండదు, గోపురం ఉండదు. కాని తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకుకు ఆ కొలుపు తప్పక అందుతుంది.

ఇట్టివి అన్ని దేశాలలోను ఉన్నవి. న్యూయార్క్ నగరంలో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే బృందం 1967లో తన తొలి రికార్డును వెలువరించినప్పుడు దానిని కొన్నవారు బహు కొద్దిమంది. ఆ తర్వాత ఆ సంగీత చరిత్ర వ్రాసినవారెవ్వరూ ఆ రికార్డును విడిచి వ్రాయలేకపోయారు. 1968లో చెకొస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో పుట్టిన ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ అనే బృందం మొదట్లో ఆ న్యూయార్క్ బృందపు పాటలే పాడుకొన్నది. అక్కడి ప్రభుత్వం 1976లో ఆ గాయకులను బోనెక్కించి జైలుకు పంపింది. నాటకకర్త వాత్స్‌లావ్ హావెల్ మొదలైనవారిని ఆ అన్యాయం కదిలించింది. 1977 జనవరిలో వెలువడిన ఛార్టర్ 77 అనే పౌరహక్కుల ప్రకటనకు అది ఒక కారణమయింది. హావెల్ 1989లో ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఒక నగరంలో కొనేవారు లేని పాట మరొక నగరంలో చరిత్రకు నిప్పురవ్వ కావటమనే విచిత్రం ఇందులో ఉన్నది.

మన దేశంలోకూడా అట్టి బృందం ఒకటి ఉండేది. దాని పేరు మొహీనేర్ ఘోడాగులి. బెంగాలీలో ఆ మాటకు మహీన్ గుర్రాలు అని అర్థం. అది 1975లో కలకత్తాలో పుట్టి, 1981లో విడిపోయింది. ఆ ఆరేళ్ళలో అది మూడు చిన్న రికార్డులు మాత్రమే ఇచ్చింది. వాటిలోని పాటలన్నీ కలిపినా రెండు చేతుల వేళ్ళకు మించవు. అయినా ఆ బృందం పేరు ఎత్తితే ఈనాటికీ బెంగాలీ యువకుల ముఖాలు వికసిస్తవి. తాము పుట్టకముందే నిలిచిపోయిన సంగీతం తమదేనన్నట్లు వారు మాట్లాడతారు.

ఆ బృందం ఏ పరిస్థితులలో పుట్టిందో ముందుగా తెలుసుకోవాలి. 1960లలో మన పెద్ద నగరాలలో రాక్ సంగీతం అడుగుపెట్టింది. బొంబాయి, కలకత్తా, మద్రాసు, బెంగుళూరు, షిల్లాంగు నగరాలలో యువకులు బృందాలు కట్టారు. ఇంపీరియల్ టొబాకో కంపెనీవారు తమ సిమ్లా సిగరెట్ల ప్రచారంకోసం సిమ్లా బీట్ అనే పోటీని నడిపారు. 1970లోను 1971లోను ఆ పోటీలో పాల్గొన్న బృందాల పాటలు రికార్డులుగా వచ్చినవి. ఆ యువకుల నేర్పును తక్కువచేయరాదు. కాని వారిలో చాలామంది ఇంగ్లీషులోనే పాడారు. చాలాసార్లు విదేశీ పాటలనే పాడారు. కలకత్తాలో ఈ సంగీతానికి నిలయం పార్క్ స్ట్రీట్. అక్కడి హోటళ్ళలో రాత్రిపూట దీపాల వెలుగులో ఆ పాటలు మోగేవి. రెండు వీధులవతల బెంగాలీ ఇళ్ళలో రేడియోనుండి రవీంద్ర సంగీతమో, ఆధునిక గీతమో, సినిమా పాటో వినబడేది. ఈ రెండు లోకాలూ ఒకే ఊళ్ళో ఉన్నా ఒకదాని గడప మరొకటి తొక్కేది కాదు.

ఆ గడప తొక్కినవాడు గౌతమ్ చట్టోపాధ్యాయ. ప్రెసిడెన్సీ కళాశాలలో సైన్సు చదివాడు. పార్క్ స్ట్రీట్ ప్రాంతంలో ఆంగ్లో-ఇండియన్ మిత్రులతో కూడి గిటార్ వాయించాడు. అవి కలకత్తాలో కల్లోలపు రోజులు. 1967లో ఉత్తర వంగంలోని నక్సల్బరీ గ్రామంలో చెలరేగిన రైతు తిరుగుబాటు చదువుకొన్న యువకులను ఎందరినో తనలోకి లాగుకొన్నది. ఆ మంట మన శ్రీకాకుళపు కొండలకుకూడా అంటుకొన్నదని తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడ జముకుల కథను పోరాట సాధనంగా చేసిన సుబ్బారావు పాణిగ్రాహి 1969లో ప్రాణాలు కోల్పోయాడు. కలకత్తాలో గౌతమ్ ఆ ఉద్యమంవైపు మొగ్గి జైలుపాలయ్యాడు. విడుదలైన తర్వాత కొంతకాలం వంగదేశానికి దూరంగా మధ్యప్రదేశంలో ఉద్యోగం చేసి, మళ్ళీ సొంత ఊరు చేరుకొన్నాడు.

అతడు తిరిగివచ్చేసరికి కలకత్తా అలసిపోయి ఉన్నది. వీధులలో కాల్పులు తగ్గినవి. కాని ఎందరో తల్లుల కొడుకులు ఇళ్ళకు తిరిగి రాలేదు. 1975 జూన్ 25న దేశమంతటా అత్యవసర పరిస్థితి ప్రకటింపబడింది. నినాదాలమీద నమ్మకం సడలింది. నినాదాలు లేని పాతకాలపు ప్రణయగీతం ఆ మనసులకు చాలేది కాదు. చెప్పవలసినది ఉన్నది, చెప్పటానికి భాష లేదు. అట్టి సమయంలో గౌతమ్ ఇంట్లో ఏడుగురు యువకులు కూడుకొన్నారు. గౌతమ్, అతని సోదరులు ప్రదీప్, విశ్వనాథ్, బంధువైన రంజన్ ఘోషాల్, మిత్రులు ఏబ్రహాం మజుందార్, తాపస్ దాస్, తపేష్ బందోపాధ్యాయ. ఒకరిది గిటారు, ఒకరిది వయొలిను, ఒకరిది వేణువు, ఒకరిది డ్రమ్ము.

బృందానికి మొదట సప్తర్షి అని పేరు పెట్టుకొన్నారు, ఏడుగురు గనుక. తర్వాత తీరందాజ్ అన్నారు. విలుకాడు అని అర్థం. అదీ నచ్చక, గౌతమ్ చట్టోపాధ్యాయ బి.ఎస్‌సి. అండ్ సంప్రదాయం అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. పట్టా పేరు తగిలించుకొన్న ఈ బిరుదులో ఉన్న వెక్కిరింత గమనించదగినది. పట్టాలు చేతపట్టుకొని ఉద్యోగాలకోసం తిరిగే తరం తనను తానే నవ్వుకోవటం అందులో ఉన్నది. చివరకు రంజన్ ఘోషాల్ సూచించిన మొహీనేర్ ఘోడాగులి అన్న పేరు స్థిరపడింది.

ఈ పేరు జీవనానంద దాస్ కవితనుండి వచ్చింది. ఆయన 1948లో ప్రకటించిన ‘సాత్‌టి తారార్ తిమిర్’ అన్న సంపుటిలో గుర్రాలను గురించిన కవిత ఒకటి ఉన్నది. వెన్నెల రాత్రి మేత మేస్తున్న ఆ గుర్రాలు ఏ యుగానివో తెలియదు. ఏ రాతియుగంనుండో దారితప్పి మన కాలంలోకి వచ్చినట్లు ఉంటవి. మహీన్ ఎవరో కవి చెప్పలేదు. యజమాని ఎవరో తెలియని గుర్రాలు, ఏ కాలానికీ కట్టుబడని గుర్రాలు. ఇంతకంటె ఆ ఏడుగురికి సరిపడే పేరు మరొకటి దొరకదు.

ఈ ఎంపికలో ఇంకొక అంతరార్థం ఉన్నది. జీవనానందుడుకూడా తన కాలంలో సరిగా వినబడని కవి. 1899లో పుట్టిన ఆ అధ్యాపకుడు ఉద్యోగాలు పోగొట్టుకొంటూ, ఇళ్ళు మారుతూ, విమర్శకుల పరిహాసానికి గురి అవుతూ జీవించాడు. 1954 అక్టోబరులో కలకత్తా వీధిలో ట్రాము తగిలి గాయపడి, కొద్ది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశాడు. 1955లో సాహిత్య అకాడెమీ తన తొలి పురస్కారాలను ప్రకటించినప్పుడు బెంగాలీ భాషకు ఆ గౌరవం ఆయన ‘శ్రేష్ఠ కవిత’కు దక్కింది, అందుకోవటానికి కవి లేడు. 1957లో వెలువడిన ‘రూపసీ బాంగ్లా’ ఇంటింటి పుస్తకమైనప్పుడూ కవి లేడు. ఆయన పెట్టెలలో దాచిపెట్టిన నవలలు, కథలు ఆ తర్వాత బయటపడినవి. అట్టి కవి దగ్గర పేరు అరువు తెచ్చుకొన్న బృందం ఆయన జాతకాన్నికూడా తెచ్చుకొన్నట్లు తోస్తుంది.

వారి మొదటి రికార్డు 1977లో వచ్చింది. పేరు ‘సంవిగ్న పాఖికుల్ ఓ కల్‌కతా విషయక్’. కలత చెందిన పక్షికులమూ, కలకత్తాను గురించీ అని దాని తాత్పర్యం. 1978లో వచ్చిన రెండవ దాని పేరు ‘అజానా ఉడంత వస్తు’. ఆకాశంలో ఎగిరే, గుర్తు తెలియని వస్తువు. దానికి అ-ఉ-బ అని పొడి అక్షరాల పేరుకూడా తగిలించారు. 1979లో మూడవది ‘దృశ్యమాన్ మొహీనేర్ ఘోడాగులి’. కంటికి కనబడుతున్న మహీన్ గుర్రాలు. ఈ మూడు పేర్లనూ వరుసగా చదివితే ఆ బృందపు కథ అంతా అందులోనే ఉన్నది. మొదట కలవరం, తర్వాత మమ్మల్ని ఎవరూ గుర్తించటం లేదన్న పరిహాసం, చివరకు మేమున్నాము, చూడండి అన్న విన్నపం.

ఆ సంగీతం ఎట్లా ఉంటుందని పాఠకులు అడగవచ్చు. అది పార్క్ స్ట్రీట్ గిటారుకు వంగదేశపు బావుల్ గాయకుని ఏక్‌తారాకు జరిగిన పెండ్లి. బావుల్ గాయకులు ఊరూరా తిరుగుతూ, దేవుణ్ణి గుడిలో గాక దేహంలో వెతకమని పాడుకొనే సంచారులు. గౌతమ్‌కు వారితో గాఢమైన స్నేహం. వారి గొంతులోని స్వేచ్ఛను, జాజ్ సంగీతంలోని అప్పటికప్పుడు అల్లుకుపోయే పద్ధతిని అతడు జోడించాడు. బావుల్ జాజ్ అన్న పేరుకూడా దానికి ఉన్నది. పాటలోని విషయంకూడా కొత్తదే. ప్రియురాలి కన్నులు కాక, అద్దె ఇళ్ళ ఒంటరితనం. శరన్మేఘాలు కాక, నగరంమీద కమ్ముకొన్న పొగ. వెన్నెలను ప్రేమిస్తామంటూనే ఆ ప్రేమ చాలదని నిట్టూర్చే పాటలవి.

ఈ సంగీతాన్ని ఆనాటి కలకత్తా ఎందుకు వినలేదు? శ్రోతలు మూఢులని తేల్చివేయటం తేలిక. అది న్యాయం కాదు. మొదటి కారణం ఆనాటి పాట తయారయ్యే పద్ధతిలోనే ఉన్నది. ఒకరు పాట వ్రాస్తారు, మరొకరు వరుస కడతారు, వేరొకరు పాడతారు. గొంతు బాగుంటే పాట బాగున్నట్లు. ఈ యువకులు తామే వ్రాసి, తామే వరుస కట్టి, తామే వాయించి, తామే గుంపుగా పాడారు. గొంతులు నున్నగా లేవు. నున్నగా ఉండాలని వారు కోరుకోనూ లేదు. సంగీతసభలో మధురమైన గొంతును ఆశించి కూర్చొన్న పెద్దమనిషికి ఇది గోలగా తోచటంలో వింత లేదు.

రెండవ కారణం భాష. పార్క్ స్ట్రీట్ హోటలులో కూర్చొన్నవారికి గిటారు కావాలి; బెంగాలీ అక్కరలేదు. బెంగాలీ కావాలనుకొన్నవారికి గిటారు పరాయి వస్తువు. ఒకరికి ఇది మరీ దేశీయం, మరొకరికి మరీ విదేశీయం. రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవాని వలెనే ఈ సంగీతం నడినీటిలో నిలిచింది. మూడవ కారణం రాజకీయం. వామపక్షంవారికి సమూహగానం ఒక గొప్ప సంప్రదాయం. ఆ పాట దారి చూపాలి, ధైర్యం చెప్పాలి. ఈ పాటలు దారి చూపవు. దారి తప్పామని ఒప్పుకొంటవి. ఓడిపోయిన తరం తన ఓటమిని పాడుకోవటం ఏ పక్షానికీ ఉపయోగపడేది కాదు.

అదే కాలంలో సరిహద్దుకు అవతల, ఢాకాలో జరిగినదానితో పోల్చి చూస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. 1971 విముక్తియుద్ధంలో తుపాకి పట్టి పోరాడిన ఆజమ్ ఖాన్, యుద్ధం ముగిసిన తర్వాత ఉచ్చారణ్ అనే బృందంతో బెంగాలీలోనే రాక్ పాటలు పాడాడు. జనం తండోపతండాలుగా వచ్చి విన్నారు. అతనిని గురువని పిలిచారు. భాష ఒక్కటే, వాద్యాలూ ఇంచుమించు ఒక్కటే. కాని ఢాకా అప్పుడే పుట్టిన దేశానికి రాజధాని. దానికి కొత్త గొంతు కావాలి. కలకత్తా అపారమైన వారసత్వం మోస్తున్న పాత నగరం. దాని చెవులు అప్పటికే నిండి ఉన్నవి. ఒక పాట వినబడటమూ వినబడకపోవటమూ పాటగాని శక్తినిబట్టి మాత్రమే తేలేది కాదని ఈ రెండు నగరాలు సాక్ష్యం చెబుతున్నవి.

రవీంద్ర సదన్‌లోను, స్టార్ థియేటర్‌లోను, సెయింట్ పాల్స్ కెథీడ్రల్ ఆవరణలోను బృందం ప్రదర్శనలు ఇచ్చింది. కాని పాటలు బ్రతుకుతెరువు కాలేదు. ఉద్యోగాలు పిలిచినవి, సంసారాలు పిలిచినవి. 1981లో గుర్రాలు ఎవరి దారిన వారు వెళ్ళిపోయినవి. గౌతమ్ సినిమాలవైపు తిరిగాడు. అతని ‘నాగమతి’ 1983లో ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ బహుమానం పొందింది. రంజన్ ఘోషాల్ బెంగుళూరు చేరి నాటకరంగంలో పనిచేశాడు. ఏబ్రహాం మజుందార్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం బోధించటంలో కృషిచేశాడు. లెక్కప్రకారం కథ ఇక్కడ ముగిసిపోవాలి.

కాని పాట ముగియలేదు. రికార్డులు దొరకకపోయినా కళాశాలల మెట్లమీద, వసతిగృహాల డాబాలమీద, ఎవరి చేతిలోనో ఒక పాత గిటారు ఉన్నచోటల్లా ఆ పాటలు వినబడుతూ వచ్చినవి. పాడేవారిలో చాలామందికి అవి ఎవరివో తెలియదు. ఒక చరణం మరచిపోతే తోచినట్లు పూరించుకొన్నారు. ఒక అన్న పాడగా తమ్ముడు నేర్చుకొన్నాడు. ఆ తమ్ముడు మరొక ఊరికి చదువుకు పోతూ పాటను వెంట తీసుకుపోయాడు. విద్యుత్ వాద్యాలతో పుట్టిన నగర సంగీతం జానపద గేయంవలె నోటినుండి నోటికి సాగిపోయింది. బావుల్‌ను గురువుగా పెట్టుకొన్న సంగీతానికి బావుల్ పాటకు పట్టిన అదృష్టమే పట్టింది.

ఇంతలో శ్రోతలు మారారు. 1992లో సుమన్ చట్టోపాధ్యాయ, ఇప్పటి కబీర్ సుమన్, ‘తొమాకే చాయ్’ అన్న పాటల సంపుటితో బెంగాలీ శ్రోతలను ఒక్కసారిగా మేల్కొలిపాడు. తన పాట తానే వ్రాసి, గిటారు మీటుతూ, నగరజీవితాన్ని గురించి పాడే మనిషికోసం కలకత్తా అప్పటికి సిద్ధమయింది. అట్టి వేళ 1995లో, కలకత్తా పుస్తక ప్రదర్శనలో, గౌతమ్ ఒక కొత్త సంపుటి విడుదల చేశాడు. దానికి జీవనానందుని కవితనుండే పేరు తీసుకొన్నాడు: ‘ఆబార్ బొఛొర్ కుడి పొరే’, మళ్ళీ ఇరవై ఏళ్ళకు. బృందం పుట్టి సరిగా ఇరవై ఏళ్ళు. అయితే ఆ సంపుటిలో అతడు తన పాత కీర్తిని తిరిగి అమ్ముకోలేదు. కొత్త యువకులను, కొత్త బృందాలను పిలిచి వారిచేత పాడించాడు. 1996లో, 1997లో, 1999లో మరి మూడు సంపుటాలు అట్లాగే వచ్చినవి. బెంగాలీ బృందగానం ఒక ఉద్యమమై, ఆ దశాబ్దం ముగిసేనాటికి ఎన్నో బృందాలు తలయెత్తినవి. గౌతమ్ కుమారుడు గౌరవ్ డ్రమ్ము వాయించే లొఖ్ఖీఛాడా అందులో ఒకటి. 1999 జూన్ 20న గౌతమ్ గుండెపోటుతో మరణించాడు.

1995 నాటి ఆ సంపుటిలో భూమిని గురించిన పాట ఒకటి ఉన్నది. గౌతమ్ రచనగా ప్రసిద్ధమైనది. 1991 తర్వాత ఉపగ్రహ టెలివిజన్ మన ఇళ్ళలోకి వచ్చింది. ప్రపంచమంతా కుంచించుకొని ముందుగది పెట్టెలో ఇమిడిపోయిందన్నారు. అట్లా దగ్గరకు వచ్చిన ప్రపంచంలో మనిషికి మనిషి ఎందుకింత దూరమయ్యాడన్నది ఆ పాటలోని వేదన. భవభూతికి భూమి విశాలమైనది. ఆ వైశాల్యమే అతని ఆశ. ఈ కవికి భూమి చిన్నదైపోయినది. ఆ చిన్నతనమే అతని దిగులు. వెయ్యేళ్ళకు పైబడిన ఎడంలో ఇద్దరూ అడిగినది ఒక్కటే: నా మాట వినగలవాడు ఎక్కడున్నాడు?

ఆ వినేవారు 2006లో కోట్లసంఖ్యలో వచ్చారు. ఆ ఏడాది విడుదలైన ‘గ్యాంగ్‌స్టర్’ అనే హిందీ చిత్రంలో ‘భీగీ భీగీ’ అన్న పాట ఈ వరుసమీద కట్టినదే. సంగీత దర్శకుడు ప్రీతమ్. పాడినవాడు బంగ్లాదేశ్‌కు చెందిన ప్రసిద్ధ గాయకుడు జేమ్స్. హైదరాబాదు బస్సులలో, విశాఖపట్నం పాన్ దుకాణాలలో ఆ వరుస మోగింది. ఢాకా గొంతుతో, బొంబాయి భాషలో, కలకత్తా పాట తెలుగుదేశం చేరింది. పాట పుట్టిన ఇల్లేదో అడిగినవారు అరుదు. పాట కట్టినవాడు మరణించి అప్పటికి ఏడేళ్ళు.

హిందీ, తెలుగు భాషల నడుమ అనువాదం చేసుకొనే నావంటివానికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. హిందీ పాట వాన రాత్రులలో విరహాన్ని గురించినది. దాని అందం దానికున్నది. కాని మూలంలోని ప్రశ్న అందులో లేదు. వరుస సరిహద్దు దాటింది. అర్థం ఇవతలి గట్టునే నిలిచిపోయింది. కవితను అనువదించేటప్పుడు మనం భావం దక్కించుకొని నాదం పోగొట్టుకొంటాము. ఇక్కడ నాదం దక్కింది, భావం పోయింది. రెండూ సగం సగం బ్రతుకులే.

మన భాషలో దీనికి సరిగా ఎదురైన ఉదాహరణ ఒకటి ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి తిరుమలలో భద్రంగా ఉండిపోయినవి. ఇరవయ్యవ శతాబ్దిలో అవి వెలుగులోకి వచ్చినప్పుడు అక్షరం దొరికింది, రాగాల పేర్లు దొరికినవి. ఆయన పాడిన వరుసలు మాత్రం చాలావరకు దొరకలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు వాటికి మళ్ళీ స్వరం సమకూర్చవలసివచ్చింది. రేకు దాచుకొన్న పాటకు మాట మిగులుతుంది. నోరు దాచుకొన్న పాటకు వరుస మిగులుతుంది.

రాక్ సంగీతంలోనూ ఈ రెండు విధాల మనుగడా ఉన్నది. బొంబాయి బృందం ఆటమిక్ ఫారెస్ట్ 1977లో ‘అబ్సెషన్ 77’ అన్న రికార్డు ఇచ్చింది. మొహీనేర్ ఘోడాగులి తొలి రికార్డు వచ్చినదీ ఆ ఏడాదే. ఆటమిక్ ఫారెస్ట్ రికార్డులో ఎక్కువ భాగం విదేశీ పాటలే. వాయింపు మాత్రం ఘనమైనది. ఆ రికార్డు కాలక్రమాన దుర్లభమై, సేకరణకర్తల చేతులలో అమూల్య వస్తువైంది. 2011లో అమెరికాలోని ఒక సంస్థ దానిని తిరిగి ముద్రించింది. అది వస్తువుగా బ్రతికింది. మొహీనేర్ ఘోడాగులి పాటగా బ్రతికింది. అక్కడ కాపాడినది అరుదైనదానిమీది మోజు. ఇక్కడ కాపాడినది అవసరం. పాత నాణెం ఎంత విలువైనదైనా దానితో ఈనాడు ఉప్పు కొనలేము. పాటకు సంతలో చెల్లుబాటు ఉండాలి. తన భాషలో, తన ఊరిని గురించి పాడినందువల్లనే ఈ పాటలకు ఆ చెల్లుబాటు కలిగింది.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పుకోవచ్చు. ఉపేక్షకు గురి అయినందువల్ల పాట గొప్పది కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఏమంటే ఇట్టి బృందాల అభిమానులు తరచుగా ఈ భ్రమలో పడతారు. లోకం తిరస్కరించినదంతా నిక్షేపమనీ, లోకం మెచ్చినదంతా చౌకబారుదనీ వారంటారు. లోకం మరచిన పాటలలో చాలాభాగం మరపుకు తగినవే. గౌతమ్ తానే ఈ భ్రమలో పడలేదు. శ్రోతలు రాగానే తలుపులు బార్లా తెరిచి, తన వేదికను చిన్నవారికి ఇచ్చాడు. పాట నిలవటానికి కారణం వేరు. అది అడిగిన ప్రశ్నకు దాని కాలం జవాబు చెప్పలేదు. తర్వాతి కాలానికీ ఆ ప్రశ్న తప్పలేదు. నగరంలో ఒంటరియైన మనిషి 1977లో కొద్దిమందిలో ఒకడు. 1995 నాటికి అతడు అందరూ అయ్యాడు. అప్పుడా పాట పాతది కాదు. ముందుగా వచ్చి కాచుకొని ఉన్నది.

ఇంకొక కారణంకూడా ఉన్నది. అందరికీ వినిపించిన పాట ఎవరికీ ప్రత్యేకంగా చెందదు. వెతుక్కొని, ఒకరి నోటివెంట నేర్చుకొన్న పాటకు నేర్పిన మనిషి ముఖంకూడా అంటిపెట్టుకొని ఉంటుంది. ఇలవేల్పును కొలిచేవానికి దేవతమీది భక్తితోపాటు దీపం పెట్టటం నేర్పిన నాయనమ్మ గుర్తుకు వస్తుంది. ఈ సంగీతాన్ని ప్రేమించేవారు దానిని గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి ఆత్మీయంగా మాట్లాడటానికి ఇదే హేతువని నేననుకొంటాను.

అయితే ఈ సంతోషంలో ఒక లెక్క తేలకుండా మిగిలిపోయింది. రంజన్ ఘోషాల్ 2020 జూలైలో కన్నుమూశాడు. తాపస్ దాస్‌కు ఊపిరితిత్తుల కాన్సరు సోకినప్పుడు అతని చికిత్సకోసం సంగీతకారులు, అభిమానులు చందాలు పోగుచేశారు. 2023 జూన్ 25న అతడూ వెళ్ళిపోయాడు. ఆ చందాలు ఇచ్చినవారిలో అతడు వేదిక మీద పాడిన రోజులను చూడనివారు ఎందరో ఉండి ఉంటారు. వారి ప్రేమ నిజమైనది. అయినా కీర్తి ఆలస్యంగా వచ్చే బాకీవంటిది. అసలు ముట్టవలసినవానికి ముట్టదు, వారసులకు వడ్డీమాత్రం ముడుతుంది. ట్రాము కింద పడిన కవికి పురస్కారం వచ్చినా, పోయిన పాటగానికి కోట్ల శ్రోతలు వచ్చినా, ఆ ఆలస్యం ఆలస్యమే. పాట చావలేదని మనం ఊరట చెందే ముందు, పాడినవాడు బ్రతికి ఉన్నప్పుడు మనమెక్కడ ఉన్నామని ఒకసారి అడుక్కోవటం న్యాయం.

భవభూతి ఆశ వమ్ముకాలేదు. కాని ఆ ఆశలో కవి పక్షపు ఓర్పు మాత్రమే ఉన్నది. శ్రోత పక్షపు బాధ్యత లేదు. మన ఊరిలోనే ఈ సాయంకాలం ఏ మేడమీదనో, ఎవరో నలుగురు యువకులు మనకు గోలగా తోచే పాట ఒకటి తెలుగులో కట్టుకొంటూ ఉండవచ్చు. కిటికీ మూసే ముందు, ఒక్క చరణమైనా నిలబడి వినటం మనవంతు.